కడుపు నొప్పికీ ఒక కారణం ఉంటుంది

"కడుపు నొప్పి తాళలేక..." జిల్లా పేజీల్లో ఈ మాట చదవని రైతు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉండడు. నాలుగు వాక్యాల వార్త. ఊరు, వయసు, భార్య, ఇద్దరు పిల్లలు, "కొంతకాలంగా కడుపు నొప్పితో బాధపడుతున్నాడు" అనే ముక్క. అప్పు సంగతి ఉండదు. ఎండిన బోరు సంగతి ఉండదు. ఆ నొప్పి ఏ నొప్పో, ఎవరైనా పరీక్ష చేశారో లేదో, అదీ ఉండదు.

ఈ మాట మీద మన సంఘానికి పాత తగాదా ఉంది. 2004లో 421 జీవో వచ్చిన నాటి నుంచి ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారం రావాలంటే త్రిసభ్య కమిటీ ముందు నిలబడాలి. ఆ కమిటీ మొట్టమొదట చూసేది ఎఫ్ఐఆర్. అందులో "కడుపు నొప్పి" అని ఉంటే ఫైలు సగం అక్కడే మూతపడుతుంది. శవం పక్కన ఏడుస్తూ కూచున్న తమ్ముడి చేతనో, బామ్మర్ది చేతనో ఫిర్యాదు రాయించేటప్పుడు "ఏమైనా జబ్బు ఉండేదా?" అని అడిగితే, "అప్పుడప్పుడు కడుపు నొస్తుందనేవాడు" అంటారు. అదే కారణమై కూచుంటుంది. తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది కాబట్టి చావు ఏ కారణంతో వచ్చినా ఐదు లక్షలు వస్తాయి, నిజమే. కానీ పట్టా ఉన్నవాడికే. కౌలు రైతు ఇంటికి ఆ బీమా లేదు. ఆ ఇంటికి ఇప్పటికీ ఎఫ్ఐఆర్‌లోని ఆ ఒక్క మాటే అడ్డం.

అందుకే ఇన్నేళ్లూ "కడుపు నొప్పి" అని ఎవరు రాసినా అది అబద్ధమనే వాదించాం. వాదించాల్సిందే, ఇక ముందూ వాదిస్తాం. అయితే ఈ నెల అదే మాటను ఇంకో వైపు నుంచి చూడదలచాం. అలాంటి ఇళ్లకు వెళ్లినప్పుడు అప్పు కాగితాలు, పాసుబుక్కు, బ్యాంకు నోటీసులు అడిగి తీసుకున్నాం. గూట్లో ఉన్న మాత్రల కవరు మాత్రం ఎప్పుడూ అడగలేదు. కొన్ని ఇళ్లలో ఆ కవరు ఉంది. అందులో మూడేళ్ల గ్యాసు మాత్రలు ఉన్నాయి. అప్పు ఎంత నిజమో ఆ నొప్పీ అంతే నిజం. వైద్యం ఖర్చు అప్పును పెంచుతుంది, నొప్పి పని దినాలను మింగుతుంది. రెంటినీ విడదీసి, ఒకటి నిజం రెండోది సాకు అని చెప్పడం మన పొరపాటు. ఒప్పుకుంటున్నాం.

మన ఊళ్లలో కడుపు నొప్పి ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే. మొదట వాము, ఇంగువ నీళ్లు. తర్వాత ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాసు మాత్ర. తగ్గినట్టే ఉంటుంది. మళ్లీ వస్తే మళ్లీ అదే మాత్ర. పట్నం వెళ్లి స్కానింగు తీయిస్తే "అంతా నార్మల్" అంటారు. రిపోర్టు నార్మల్ అని తేలిన నాటి నుంచి ఆ మనిషికి ఇంట్లో ఇంకో కష్టం మొదలవుతుంది. పని తప్పించుకోవడానికి నటిస్తున్నాడని, కోడలైతే గాలి సోకిందని. ఆర్ఎంపీని తిట్టడం మా ఉద్దేశం కాదు. రాత్రి పదకొండుకు పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే. కానీ నెల రోజులు దాటిన నొప్పిని గ్యాసు అని సరిపెట్టుకుంటే అది ఆయన తప్పే కాదు, మనదీ తప్పే.

కారణాలు చాలా ఉండొచ్చు. నాట్లు, కలుపు, పత్తి ఏరే రోజుల్లో ఒళ్లు నొప్పులకని రోజూ మింగే నొప్పి మాత్రలే కడుపులో పుండు చేస్తాయి. కడుపులో చేరిన ఒక సూక్ష్మజీవి కూడా పుండు చేస్తుంది, దానికి రెండు వారాల మందులు సరిగా వాడితే పోతుంది. పిత్తాశయంలో రాళ్లు, మూత్రనాళంలో రాళ్లు, పేగు క్షయ, నులిపురుగులు, సారా వల్ల పాంక్రియాస్ వాపు, కొందరికి పాలు పడకపోవడం. మందు కొట్టిన రోజు సాయంత్రం కడుపు మెలిపెట్టి, వాంతులై, నోట్లో నీళ్లూరి, చెమటలు పట్టి, చూపు మసకబారితే అది గ్యాసు కానే కాదు, పురుగు మందు ఒంట్లోకి ఎక్కిన లక్షణం. డబ్బా మీది లేబుల్ చింపి జేబులో పెట్టుకుని నేరుగా ఆసుపత్రికి పోవాలి. నల్లటి విరేచనం, నెత్తురు వాంతి, కళ్లు పచ్చబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, వీటిలో ఏది కనిపించినా వరి కోతలు అయ్యాక చూద్దామనుకోవద్దు.

వీటన్నిటికీ పేరైనా ఊళ్లో వినబడుతుంది. పేరు కూడా వినబడని కారణం ఒకటుంది. దాని గురించే ఈసారి కొంచెం వివరంగా రాయాలనుకున్నాం. అది గోధుమ.

మాకు దీని సంగతి మొదట చెప్పింది ఏ డాక్టరూ కాదు. యాసంగి కోతలకు పంజాబ్ నుంచి హార్వెస్టర్లతో వచ్చే డ్రైవర్లు మనకు కొత్త కాదు. గోధుమ పిండి బస్తా, నెయ్యి డబ్బా వెంట తెచ్చుకుని, బండి పక్కనే పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చుకుంటారు. రెండేళ్ల కింద మా సభ్యుడొకరి పొలంలో దిగిన బృందంలో ఒక కుర్రాడు మాత్రం ఆ రొట్టెలు ముట్టలేదు. రోజూ ఆ ఇంటి అక్క దగ్గరికొచ్చి జొన్నరొట్టె అడిగేవాడు. పైసలిస్తానన్నాడు కూడా. జొన్నరొట్టె మీద అంత ఇష్టమా అని అడిగితే చొక్కా పైకెత్తి కడుపు చూపించి, వచ్చీరాని హిందీలో ఆమెకూ, మొత్తుకుని చివరికి సైగల్లో మాకూ చెప్పాడు. గోధుమ తింటే పేగు పాడవుతుందట. చిన్నప్పుడు పదేళ్లు విరేచనాలతో ఎండిపోయాడట. రక్త పరీక్షలో దొరికిందట. పంజాబీ పిల్లవాడికి గోధుమ పడకపోవడమంటే మన పిల్లవాడికి అన్నం పడకపోవడమే. మేమందరం నవ్వాం. ఆ నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం.

ఆ జబ్బును సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమ పిండిని తడిపి పిసికితే సాగే జిగురు వస్తుందే, ఆ జిగురే గ్లూటెన్. గోధుమలోనూ, బార్లీలోనూ, రై అనే ధాన్యంలోనూ ఉంటుంది. చాలామందికి దానితో ఏ ఇబ్బందీ లేదు. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల, ఆ జిగురు పేగులోకి వెళ్లగానే ఒంటి రక్షణ వ్యవస్థ తన పేగు మీద తానే యుద్ధానికి దిగుతుంది. చిన్నపేగు లోపల వేళ్లలాంటి సన్నటి కేసరాలుంటాయి. మొక్కకు పీచువేళ్లు ఎలాగో మనిషికి అవి అలాగ. అవి చదునైపోతే ఎంత ఎరువు వేసినా మొక్క అందుకోలేదు. కడుపు నొప్పి, ఉబ్బరం, విరేచనాలు ఉండొచ్చు. అసలు కడుపు బాధే లేకుండా ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, పెరగని పిల్లలు, నలభైకే గుల్లబారిన ఎముకలు, నిలవని గర్భం, ఈ రూపాల్లోనూ రావొచ్చు.

గోధుమకూ ఈ జబ్బుకూ సంబంధం కనిపెట్టిన కథ రైతులు తెలుసుకోదగ్గది. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికె అనే పిల్లల వైద్యుడికి 1930ల నుంచే గోధుమ మీద అనుమానం. 1944-45 శీతాకాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో తిండి కరువొచ్చింది. రొట్టె లేదు. జనం దుంపలు, ఏది దొరికితే అది తిన్నారు. దేశమంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్లీ రొట్టె వచ్చాక మళ్లీ పడిపోయారు. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో దీన్ని నిరూపించాడు. ఏ తిండి ఏ ఒంటికి ఏం చేస్తుందో లెక్క కట్టి చూసిన మనిషి ఉండబట్టి అది బయటపడింది.

మన దేశం సంగతికి వద్దాం. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ల రక్తం పరీక్షించిన ఒక అధ్యయనం 2016లో అచ్చయింది. ఉత్తరాన దాదాపు వందకు ఒకరికి ఈ వ్యాధి ఉంది. దక్షిణాన దాదాపు పదివేలకు ఒకరు. ఇక్కడ ఆగి చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఈ జబ్బుకు తావిచ్చే జన్యువులు ఉత్తరాదివాళ్లలో ఎంతమందికి ఉన్నాయో దక్షిణాదివాళ్లలోనూ ఇంచుమించు అంతమందికే, అంటే మూడో వంతుకు పైగా జనానికి ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. అక్కడ మనిషి రోజుకు తినే గోధుమ సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు.

ఆ 25 గ్రాములు అలాగే ఉంటాయా? షుగరు ఉందంటే రాత్రికి చపాతీ తినమంటున్నారు. పొద్దున టిఫిన్ అంటే గోధుమ రవ్వ, బొంబాయి రవ్వ, సేమియా. కూలికి వెళ్లేవాళ్ల చద్దన్నం ముంత పోయి, టీలో ముంచుకునే రస్కు, బన్ను వచ్చాయి. పిల్లల చేతిలో బిస్కెట్ పొట్లం. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ వేయించిన గోధుమే ఎక్కువ. (దాన్ని ఆపేయమని ఎవరూ అనుకోవద్దు. పదివేల మందిలో 9,999 మంది పిల్లలకు అది మేలే.) పదివేలకు ఒకరు అంటే తక్కువే కదా అనిపిస్తుంది. యాభై వేల జనాభా ఉన్న మండలంలో అది ఐదుగురు. వాళ్లలో ఎంతమందికి తమ జబ్బు పేరు తెలుసు?

ఒకరి సంగతి మాకు తెలుసు. జొన్న పండే మండలం. మా కమిటీ సభ్యుడి కూతురు. ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరిన నాటి నుంచి కడుపు నొప్పి, నీరసం. రక్తం ఏడు దాటేది కాదు. ఎన్ని ఐరన్ గోలీలు మింగినా అంతే. ఈడుకు తగ్గ ఎత్తు లేదు. బడి ఎగ్గొట్టడానికి వేషాలని తండ్రి రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు కూడా, ఆ మాట ఆయనే మాతో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. పసిగట్టింది తల్లి. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చి జొన్నరొట్టె, అన్నం తిన్నన్నాళ్లూ పిల్ల బాగుండేది. హాస్టల్‌కు వెళ్లిన నెలకు మళ్లీ మొదలు. హాస్టల్‌లో ఉప్మా, చపాతీ, సేమియా పాయసం. ఆమెకు గ్లూటెన్ అనే మాట తెలియదు. "అక్కడి తిండే పడట్లేదు డాక్టరమ్మా" అంది, అంతే. ఆ ముక్క ముగ్గురు డాక్టర్లకు చెప్పింది. నాలుగో ఆమె విని, రాసుకుని, పరీక్ష రాసింది. పిల్లకు అప్పటికి పదహారేళ్లు. ఐదేళ్ల నొప్పికి పేరు దొరికింది.

పరీక్ష గురించి చెప్పాల్సిన మాటలు ఉన్నాయి, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు మోసపోయే చోట్లున్నాయి. మొదటిది టీటీజీ అనే రక్త పరీక్ష. కొందరి ఒంట్లో ఐజీఏ అనే పదార్థం పుట్టుకతోనే తక్కువ ఉంటుంది, వాళ్లకు జబ్బున్నా పరీక్షలో లేదని వస్తుంది, కాబట్టి మొత్తం ఐజీఏ కూడా చూడమని అడగాలి. రక్త పరీక్షలో అనుమానం వస్తే గొంతులోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి చూస్తారు. గొట్టం వేసి చూసి "పుండు లేదు" అని పంపేస్తే చాలదు. ముక్క తీశారా అని అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, పరీక్షకు ముందు గోధుమ మానేయకూడదు. పక్కింటివాళ్లు చెప్పారనో, ఫోనులో వీడియో చూసో ముందే మానేసి, రెండు నెలలకు పరీక్షకు వెళితే జబ్బున్నా దొరకకపోవచ్చు. పేగు మానుతుంటుంది, రక్తంలో గుర్తులు తగ్గిపోతాయి. అప్పటికే మానేసినవాళ్లు డాక్టరుకు ఆ సంగతి చెప్పి, ఆయన చెప్పినన్ని రోజులు, మామూలుగా ఆరు వారాలైనా, మళ్లీ గోధుమ తిని పరీక్షకు వెళ్లాలి. మన దగ్గర ఇంకో చిక్కుంది. గోధుమే తక్కువ తినే ఇంట్లో పరీక్ష నమ్మకంగా రావడం కష్టం. ఏం తింటున్నారో, వారానికి ఎన్నిసార్లో డాక్టరుకు విడమరిచి చెప్పండి.

గోధుమ తిన్న కాసేపటికే దద్దుర్లు, ఆయాసం వస్తే అది గోధుమ ఎలర్జీ, వేరే జబ్బు, వేరే పరీక్ష. రెండూ కాక, పరీక్షలన్నీ బాగున్నా గోధుమతో ఉబ్బరం వచ్చేవాళ్లూ కొందరున్నారు. వాళ్లకు పేగు పాడవదు. ఇక "ఒక్క రక్తం చుక్కతో రెండొందల తిండి పదార్థాల పరీక్ష" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. మీకు వంకాయ పడదు, పెరుగు పడదు అని పెద్ద జాబితా చేతిలో పెడతారు. వాటిని పట్టుకుని జబ్బు తేల్చలేం. ఆ డబ్బు ఉంచుకోండి.

జబ్బు తేలితే మందు లేదు, గోధుమ, బార్లీ జీవితాంతం మానడమే. మానితే పేగు మళ్లీ చిగురిస్తుంది. ఆ అమ్మాయి ఏడాదిలో తేరుకుంది. కానీ మానడం అనుకున్నంత తేలిక కాలేదు. చపాతీ, మైదా, రవ్వ మానేశాక కూడా నొప్పి వచ్చేది. వెతికితే పప్పు తాలింపులోని ఇంగువ. బజారు ఇంగువ డబ్బా మీద చదివి చూడండి, చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలిసి ఉంటుంది. అది మార్చాక, తర్వాత గిర్ని. మన ఊరి గిర్నిలో ముందు ఎవరిదో గోధుమలు పట్టి, అదే రాయి మీద మన జొన్నలు పడతారు. మిగిలిన పిండి కొంచెమే అయినా ఈ జబ్బుకు ఆ కొంచెమే చాలు. ఆ తల్లి అటక మీంచి అత్తగారి నాటి ఇసుర్రాయి దింపింది. తర్వాత గిర్ని ఆయనే, శుక్రవారం పొద్దున రాయి కడిగి మొదట వాళ్ల జొన్నలే పడతానన్నాడు. ఇప్పటికీ పడుతున్నాడు.

ఇక్కడ మన సంఘం మాట్లాడాల్సింది మొదలవుతుంది. ఈ జబ్బుకు మందు ఏ కంపెనీలోనూ లేదు, మన చెలకలో ఉంది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, మొక్కజొన్న, వరి, వీటిలో దేనిలోనూ ఆ జిగురు లేదు. పట్నంలో "గ్లూటెన్ ఫ్రీ" అని ముద్ర వేసి జొన్నపిండి కిలో పొట్లాలు ఏ ధరకు అమ్ముతున్నారో సూపర్ మార్కెట్లో ఒకసారి చూసి రండి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నారు, సభలు పెట్టారు, స్టాళ్లు పెట్టారు. 2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. కొనుగోలు కేంద్రం తెరవకపోతే, తెరిచినా ఎకరాకు ఇన్ని క్వింటాళ్లేనని కట్టడి పెడితే, ఆ అంకె కాగితం మీదిదే. రైతు దగ్గర కిలో ముప్పైకి తక్కువకు కొని, కడిగి, పిండి పట్టి, బొమ్మ అంటించి అమ్మితే మిగిలేదంతా ఎవరికి? ఆ ముద్రకు ప్రమాణం కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్. గోధుమ తాకని ప్రత్యేక గిర్ని, శుభ్రమైన గోనెలు, ఒక పరీక్ష సౌకర్యం ఉంటే ఆ ముద్ర మన సహకార సంఘం కూడా వేయగలదు. ఇది కొందరు రోగుల కోసమే కాదు, ఆ పొట్లం ధరలో రైతు వాటా కోసం.

అదే నోటితో ఇంకో మాట చెప్పాలి. గ్లూటెన్ పేరు చెప్పి జనాన్ని భయపెట్టి జొన్నలు అమ్ముకోవడం మనకు వద్దు. గోధుమ విషం కాదు. పంజాబ్, హర్యానా రైతు పండించిన పంట అది, వాళ్లూ మనవాళ్లే. జొన్న తినమని చెప్పడానికి జొన్నే చాలు.

జిల్లా వైద్యాధికారికి, కలెక్టరుకు ఇవ్వబోయే వినతిపత్రంలో ఇవి రాస్తున్నాం. నెల దాటిన కడుపు నొప్పి, తగ్గని రక్తహీనత ఉన్నవాళ్లకు టీటీజీతో సహా పరీక్షలు జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా జరగాలి, ఎండోస్కోపీకి నెలలు తిప్పుకోకూడదు. జబ్బు తేలిన పిల్లలకు అంగన్‌వాడీలోనూ హాస్టల్‌లోనూ గోధుమ బదులు జొన్న, రాగి ఇవ్వాలి. వాళ్ల వంటకు గిన్నె వేరు, గరిటె వేరు ఉండాలి. ఆత్మహత్య కేసుల్లో "కడుపు నొప్పి" అని రాసేవాళ్లు ఆ మనిషి ఏ ఆసుపత్రిలో చూపించుకున్నాడో, ఏ జబ్బని తేలిందో, వైద్యానికి ఎంత అప్పు చేశాడో కూడా రాయాలి. ఆధారం లేకపోతే ఆ కారణం రాయకూడదు.

మన గ్రామ కమిటీలకు ఒక పని. సభ్యత్వానికి ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఈసారి ఒక ప్రశ్న ఎక్కువ అడగండి, ఇంట్లో ఎవరికైనా నెల దాటి కడుపు నొప్పి ఉందా అని. ఉంటే మాత్రల కవరు, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసి తెమ్మనండి. ఎప్పుడు నొస్తుంది, ఏం తిన్నాక, ఏ మందు కొట్టాక, ఎక్కడికి వెళ్లినప్పుడు తగ్గుతుంది, ఇవి ఒక కాగితం మీద రాయించండి. చదువుకున్న పిల్లలు రాసిపెడతారు. నొప్పికో అప్పుకో తాళలేక మనసు చెడుతున్నవాళ్లు కనిపిస్తే ఒంటరిగా వదలొద్దు, మనలో ఒకరు ఆ రాత్రి వాళ్లింట్లో ఉండండి, 14416కు ఫోను చేయించండి. అది టెలి మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి విడత సంచులతో మండల కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి జీపు మాట్లాడుతున్నాం. పేర్లు ఈ నెలాఖరులోగా మండల కార్యదర్శికి ఇవ్వండి. పరీక్షకు వచ్చేవాళ్లు గోధుమ మానకుండా రావాలని మరోసారి చెప్పండి.